ముత్యాలప్ప పురుగులేరిన పిక్చరు

మద్రాసు,
జూన్ 1961

శ్రీ గుర్రప్పగారికి,

హనుమంతయ్య నమస్కరించి రాసేది. మీ జీవితం ఆధారంగా తీసిన బాక్సింగు సినిమా నేనూ చూశాను. పట్టుపురుగులు పెంచుకునే బక్క మనిషి, కృష్ణగిరి మామిడి మండీలో బుట్టలెత్తే బలశాలి ముత్యాలప్పను పడగొడుతుంటే జనం ఒకటే ఈలలు!

మేము డాక్యుమెంటరీలు తీస్తాం. అంటే నిజమైన మనుషులతో నిజమైన కథ. ఇందులో నటన ఉండదు, అబద్ధం ఉండదు. మీరూ ముత్యాలప్పగారూ మీ ఇంటి ముందు గ్లౌజులు వేసుకుని ఎదురెదురుగా నిలబడితే చాలు. దయచేసి కాదనకండి.

మీ మంచి జవాబు కోసం చూసే,
హనుమంతయ్య

తా.క. మా చిత్రాలు టాకీసుల్లో అసలు సినిమాకు ముందు వేస్తారు. అప్పుడే చాలామంది టీకి లేచిపోతారు. మీ ఊరివాళ్లనైనా కూర్చోమనండి.

---

కెలమంగలం

హనుమంతయ్యగారికి గుర్రప్ప దండాలు. ఈడ మేమంతా బాగున్నాము, ఆడ మీరూ బాగుండాల.

అబద్ధం ఉండదని రాసినారు చూడండి, ఆ మాటకు నా కడుపు నిండింది. అయ్యా, గెలిచింది సినిమాలో హీరో. నేను ఓడిపోయినాను. కృష్ణగిరి మైదానంలో జరిగిన అసలు పోటీలో ముత్యాలప్ప కొట్టిన దెబ్బకు యాడ పడినానో కూడా నాకు తెలీదు.

సినిమా వచ్చినప్పుడు ఊరంతా దండలు వేసినారు. ఓడినానప్పా అంటే ఎవరూ వినలేదు. తర్వాత మా పక్కింటి బైరప్ప కృష్ణగిరి పోయి అసలు సంగతి కనుక్కొని వచ్చినాడు. అప్పటినుంచి నేను సంతకు పోతే చాలు, "ఏమప్పా సినిమా గుర్రప్పా, నిజంగా ఎప్పుడు గెలిచేది?" అని నవ్వుతారు. నన్ను చూసి నవ్వితే పోనీ అనుకుందును. మా ఇంటామె కాళమ్మ తల దించుకొని నడుస్తోంది. అది నేను ఓర్చుకోలేను.

కాబట్టి మీ కెమెరా ముందర ముత్యాలప్పను నిజంగానే పడగొడతాను. పరుగు మొదలుపెట్టేసినాను.

ఇట్లు,
గుర్రప్ప

తా.క. హోసూరు రోడ్డులో పరుగెత్తుతుంటే ఒక పోలీసాయన ఆపి, నిన్నెవరు తరుముతున్నారని అడిగినాడు. వెనకాల వస్తున్న కాళమ్మ "వయసు సార్" అనింది.

---

మద్రాసు

గుర్రప్పగారికి నమస్కారాలు.

మీ హాస్యం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. పడగొడతారా! భలేవారే. ముత్యాలప్పగారికీ రాశాను. "మొదటిసారి కొట్టినట్టే కొడతాను" అని ఎంతో ఆప్యాయంగా జవాబిచ్చారు. ఇన్నేళ్ల తర్వాత కూడా మీ మధ్య ఇంత స్నేహం ఉండడం నాకు ముచ్చటేసింది. వచ్చే వారం కెమెరాతో వస్తున్నాం.

మీ అభిమాని,
హనుమంతయ్య

తా.క. మా కోసం ప్రత్యేకంగా ఏమీ చేయవద్దు. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి.

---

కెలమంగలం

హనుమంతయ్యగారికి,

హాస్యం కాదయ్యా! మల్బరీ ఆకు మూటను దూలానికి కట్టి పొద్దున్నే గుద్దుతున్నాను. ఆకంతా నలిగిపోయిందని కాళమ్మ, "పురుగులకు మేత పెట్టమంటే నీ గుద్దులు పెడతావా?" అని ఒకటే తిట్లు. బైరప్ప అయితే నేను మళ్లీ ఓడిపోతానని సంతలో దండోరా వేయించినాడు.

ఒక సంగతి. మీరొచ్చే రోజుకు మా పురుగులు పండేటట్టున్నాయి. మేత మానిన పురుగును అప్పటికప్పుడు ఏరి, గూడు అల్లుకొనే వెదురు తట్టలోకి చేర్చాల. ఆలస్యమైతే పంట పోయినట్టే. అందుకని ఆ రోజు మా గడప తొక్కినవాళ్లు, కొత్తల్లుడైనా సరే, చేతులు కడుక్కొని పురుగులేరాల్సిందే. ఇది మా ఈడ పద్ధతి.

తయారుగా ఉన్న,
గుర్రప్ప

తా.క. ఒక డాక్టరును తీసుకురండి. నాకు కాదు, ముత్యాలప్పకు. ఎందుకైనా మంచిది, దూది మాత్రం ఇద్దరికీ తెమ్మనండి.

---

మద్రాసు

గుర్రప్పగారికి, కాళమ్మగారికి నమస్కారాలు.

మీ జాబు నేను మద్రాసుకు తిరిగొచ్చాక చేరింది. ముందే చేరి ఉంటే నేను వచ్చేవాణ్నే కాదు.

మీ వాకిట్లో ముత్యాలప్పగారు గ్లౌజులు బిగించుకుంటుంటే గాని మీరన్నది హాస్యం కాదని నాకు అర్థం కాలేదు. నేను నోరు తెరిచేలోపే కాళమ్మగారు "పురుగులు పండినాయి, లోపలికి రాండప్పా" అని అందరికీ చేతులు కడిగించారు. పొద్దుగూకేసరికి మీ ఇద్దరికీ పిడికిలి బిగించే ఓపిక కూడా లేదు. ఒకే తట్ట ముందు కూర్చుని పాత ముచ్చట్లు చెప్పుకుంటుంటే అదే తీశాం. వ్యాఖ్యానంలో ప్రతి మాటా నిజమే: "ఒకనాడు వీరిద్దరూ తలపడ్డారు. నేడు గుర్రప్ప ఇంట ముత్యాలప్ప పట్టుపురుగులు ఏరుతున్నారు." ఓడిందెవరో చెబితే మీ మనసు నొచ్చుకుంటుందని ఆ ఒక్క మాటా వదిలేశాను.

మీ ఇంటి ముద్ద తిన్న,
హనుమంతయ్య

తా.క. మా కెమెరా మనిషి చొక్కా జేబులో ఒక పురుగు మద్రాసు దాకా వచ్చి గూడు కట్టుకుంది. ఆయన చొక్కా ఉతకనివ్వడం లేదు.

---

కెలమంగలం

హనుమంతయ్యగారికి,

ఎంత పని చేసినారయ్యా!

కృష్ణగిరి టాకీసులో మీ పిక్చరు వేసి, దాని వెనకే మళ్లీ ఆ పాత సినిమా వేసినారు. మా ఊరంతా బస్సెక్కి పోయి చూసినారు. ముందర ముత్యాలప్ప మా ఇంట్లో పురుగులేరినాడు, తర్వాత హీరో చేతిలో ఓడిపోయినాడు. ఇంకేముంది, ఓడినందుకే మా ఇంట్లో కూలికి కుదిరినాడని తేల్చేసినారు. బైరప్ప వచ్చి, "తప్పైపోయిందప్పా, డాక్యుమెంటరీలో అబద్ధముండదు కదా!" అని నాకు దండం పెట్టినాడు.

కాళమ్మ తలెత్తుకొని సంతకు పోతోంది. సంతోషం కాలేదని ఎట్ల రాసేది? కానీ మండీలో అందరూ "పురుగుల ముత్యాలప్ప" అంటున్నారని ఆయన కోపంగా మా ఊర్లో బస్సు దిగినాడు. నాకు మనసు ఒప్పలేదు. ఆయన్ను సంతకు పిలుచుకుపోయి గట్టిగా అరిచినాను, "ఓడింది నేనప్పా! గెలిచింది ఈయన!"

"చూసినారా, ఎంత అణకువో!" అన్నారు జనం. ముత్యాలప్పను చూసి, "వచ్చే పంటకూ రాప్పా, పని బాగా చేసినావు" అన్నారు. ఆయన పిడికిలి బిగించినాడు. నేనూ బిగించినాను. వెంటనే పదిమంది వచ్చి నన్నే పట్టుకొని, "వద్దు గుర్రప్పా, పాపం, వదిలెయ్!" అన్నారు.

ముత్యాలప్ప నా మొహం చూసినాడు. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. మా ఇంట్లోనే తిని పండుకున్నాడు.

అయితే ఊరికే వదల్లేదు. మామిడికాయల కాలంలో నేను ఆయన మండీకి పోయి బుట్టలు మోయాలంట, మీరొచ్చి దాన్నీ పిక్చరు తీయాలంట. నేను మాటిచ్చేసినాను. తప్పకుండా రావాల.

మీ,
గుర్రప్ప

తా.క. కాళమ్మ రాయిస్తున్నది: అయ్యా, మా ఆయన నిండు బుట్ట మోయలేడు. బుట్ట అడుగున గడ్డి పెట్టి, పైన నాలుగు కాయలు పేర్చి తీయండి. వ్యాఖ్యానంలో మాత్రం ప్రతి మాటా నిజమే చెప్పండి.