స్త్రీల సమాజంలో చదవకూడని పేరు

అక్కకు, బావగారికి సుశీల వందనాలు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? పత్తి మొదటి తీతకు కూలీలు దొరికారా? మేమిద్దరం బాగానే ఉన్నాం, దిగులు పెట్టుకోవద్దు. ఈ దేశంలో చలి మొదలైంది. ఆయనకు ఈ నెలంతా ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. పగలు ఆయన నిద్రపోతుంటే గిన్నె చప్పుడు కాకుండా వంట చేస్తాను. మాట్లాడే మనిషి ఉండదు. నువ్వు పంపిన గోంగూర పచ్చడి సీసా అడుగుకు వచ్చింది. అయినా బాగానే ఉన్నాం.

ఫోన్‌లో చెప్పకుండా ఉత్తరం రాయడానికి కారణం ఉంది. ఫోనైతే నువ్వు స్పీకర్ పెడతావు, ఇంట్లో ఎవరుంటే వాళ్ళు వింటారు. ఇది నువ్వొక్కదానివే చదవాలి. జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను.

పోయిన నెల మా మరిది, తోడికోడలు ఎస్తేరు వారం రోజులు టూరుకు వచ్చారు కదా. చూడాల్సినవన్నీ అయ్యాక మరిది ఒకటే పట్టు.

"వదినా, షింజుకులో ఆ రాత్రి క్లబ్బుల వీధి చూడకుండా వెళ్తే మార్కెట్ యార్డులో నన్ను చూసి నవ్వుతారు."

"చూశానని చెబితే నవ్వరా?" అన్నాను.

"ఆడవాళ్ళతో కలిసి వెళ్తే అది టూరే వదినా!"

ఎస్తేరు కూడా, "ఏముందక్కా, సాయంత్రమే వెళ్ళొద్దాం," అంది. నాకూ చూడాలనే ఉంది. నీ దగ్గర దాచడమెందుకు? రైలు ఎక్కడ మారాలో నోట్‌బుక్‌లో రాసుకుని నేనే తీసుకెళ్ళాను.

ఐదింటికే వీధంతా లైట్లు. మేడలంత బోర్డుల మీద ఆడపిల్లల మొహాలు, రంగు జుట్టు మగపిల్లల మొహాలు. మనుషుల్ని పిలిచే వాళ్ళ వెంట వెళ్ళవద్దని మైకులో ఒకపక్క చెబుతూనే ఉన్నారు, వాళ్ళు ఒకపక్క పిలుస్తూనే ఉన్నారు. అన్ని దేశాల వాళ్ళూ సెల్‌ఫోన్లు పైకెత్తి జాతరలో రంగులరాట్నం చూసినట్టు చూస్తున్నారు. వాళ్ళలో మేమూ. ఒక సందు మొదట్లో వయసు ఆడపిల్లలు వరసగా నిలబడ్డారు. తెల్ల ఏప్రాను, పొట్టి గౌను, చేతిలో అట్ట బోర్డు. వర్షపు తుంపర పడుతోంది.

ఎస్తేరు మామూలుగానే గట్టిగా అంది, "ఛీ, వీళ్ళని కన్నవాళ్ళు అన్నమెలా తింటున్నారో!"

చివరి పిల్ల మావైపు తిరిగింది. "మా అమ్మ బాగానే తింటుందండీ. నెలనెలా నేనే పంపుతున్నాను," అంది. తెలుగులో.

ఎస్తేరు నా వెనక్కి జరిగింది. మరిది సెల్‌ఫోన్ జేబులో పెట్టుకుని పక్కకు వెళ్ళాడు. నేనే దగ్గరకు వెళ్ళి, "ఏ ఊరమ్మా? పేరేంటి?" అని అడిగాను. చెప్పింది. పిడుగురాళ్ల. తల్లి సున్నం బట్టీలో పని. ఇక్కడి భాష నేర్పే బడిలో చదువుకుంటూ సాయంత్రాలు ఈ పని చేస్తోంది. "ఇలా జనాన్ని పిలిచి, లోపల కెఫేలో జ్యూసు, ఆమ్లెట్ అన్నం ఇవ్వాలాంటీ. ఆమ్లెట్ మీద సాసుతో బొమ్మ గీసి, పాట పాడాలి. అంతే. అమ్మకు మాత్రం హోటల్లో పని అని చెప్పాను. మీరు ఎవరికీ చెప్పకండి," అంది. చెప్పనని మాటిచ్చాను.

ఆ రాత్రే నీకు ఫోన్ చేశాను కదా. కడుపులో ఉంచుకోలేకపోయాను. పిల్లకోసం ప్రార్థించమన్నాను. ఎవరికోసమని నువ్వు అడిగితే పేరు చెప్పాను, ఊరు చెప్పాను, తల్లి పని కూడా చెప్పాను. దేవునికి పేరూ ఊరూ నేను చెప్పాలా అక్కా? మనకు అలవాటు, విన్నపం అంటే అన్నీ విడమరిచి చెబుతాం. ఆదివారం నువ్వు చర్చిలో స్త్రీల సమాజంలో లేచి ఆ విన్నపం పేరుతో సహా చదివావు. "అందరూ ఏడ్చి ప్రార్థించారు సుశీ, పిడుగురాళ్ల నుంచి వచ్చిన ఒకామె మరీ ఏడ్చింది," అని సంతోషంగా చెప్పావు. అప్పుడే అనుకున్నాను, ఈ మాట ఆ ఊరు చేరుతుందని. నీ తప్పు లేదు. నువ్వు మంచికే చేశావు. పేరు నీ చేతికిచ్చింది నేను.

నిన్న ఒక్కదాన్నే మళ్ళీ అక్కడికి వెళ్ళాను. ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. చాలాసేపు నిలబడ్డాను.

"అమ్మ పదకొండు రోజుల నుంచి ఫోన్ ఎత్తట్లేదు," అంది చివరికి. "నేను ఒళ్ళమ్ముకుంటున్నానని బట్టీలో అంటున్నారంట. తమ్ముడు మెసేజ్ పెట్టాడు."

తప్పయిందమ్మా అన్నాను.

"నా పేరు మీకెందుకు చెప్పానో తెలుసా ఆంటీ? పేరేంటమ్మా అని తెలుగులో ఎవరైనా అడిగి ఏడు నెలలైంది."

నాకు నిన్నటి నుంచి ముద్ద దిగడం లేదు.

అక్కా, నీ మోకాలు బాగాలేదని తెలిసే అడుగుతున్నాను. ఈ ఉత్తరం అందగానే పిడుగురాళ్ల వెళ్ళు. ఒక్కదానివే వెళ్ళు, సమాజం వాళ్ళను వెంటబెట్టుకోవద్దు. వెళ్ళగానే ప్రార్థన మొదలుపెట్టకు. ఆ తల్లి ఇచ్చిన మంచినీళ్ళు తాగు, ఆమె తిడితే పడు. ఆ తిట్లు నావి. తర్వాత నేను కళ్ళారా చూసింది చెప్పు: బోర్డు పట్టుకుని నిలబడింది, తుంపరలో తడుస్తోంది, తల్లిని అంటే ఊరుకోలేదు. ఆ తలుపు లోపలికి నేను వెళ్ళలేదు. లోపలి సంగతి పిల్ల చెప్పింది, నేను నమ్మాను. అలాగే చెప్పు, పెంచవద్దు, తగ్గించవద్దు. ఒక్కసారి ఫోన్ ఎత్తమను.

మాకేమీ భయం లేదు, ఆరోగ్యంగా ఉన్నాం. పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి నా వందనాలు. బావగారికి ఆయన నమస్కారాలు చెప్పమన్నారు. చిన్నదాన్ని, నన్ను దీవించు.

ఉత్తరం మళ్ళీ మొదటినుంచి చదివాను. ఆ పిల్ల పేరు ఎక్కడా రాయలేదు. నీకు తెలుసు. ఇకమీదట దాన్ని వాళ్ళమ్మ ముందు తప్ప ఎక్కడా పలకకు.

నీ చెల్లెలు,
సుశీల