కాల్షియం మీద అమ్మమ్మ తీర్పు

జూలై 14, సోమవారం

అభియోగం: మూర్ఛ ఉన్న అమ్మాయి వేదికకు పనికిరాదు. మోపినవారు మా డిబేట్ టీమ్ ఇన్‌చార్జి మన్మథరావు సార్. ఇవాళ కాలేజీ పోటీలో ఎదుటి జట్టు వాదాన్ని ఖండిస్తూ వాక్యం మధ్యలో ఆగిపోయానట. కళ్లు తెరిచే ఉన్నాయట. నాకు తెలిసింది ఒక్కటే: లోకం తిరిగి వచ్చేసరికి నా గుప్పిట్లో స్కూటీ తాళాల గుత్తి ఉంది. పెట్టింది నా జోడీ సత్యశ్రీ. ఇనుము పట్టుకుంటే మూర్ఛ బేగి దిగిపోద్దని వాళ్లమ్మ సెప్పిందట. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. అదే భరించలేకపోయాను.

విశాఖ ఫైనల్‌కు నా బదులు మా జట్టులోని సత్తిరాజు వెళ్తాడట.

జూలై 15, ఉదయం 6

మూర్ఛకు సిరప్ మొదలుపెట్టాక నెలల తరబడి రానిది, ఇప్పుడెందుకు వచ్చింది?

సాయంత్రం

మందు బుర్రను మొద్దుబారుస్తుందని సార్ నమ్మకం. కాదని వాదించాను. మెదడు లోతున థాలమస్‌లో నాడీకణాల పొరకు సన్నని ద్వారాలుంటాయి. వాటిగుండా కాల్షియం లోపలికి దూకుతుంది. నాకొచ్చే మూర్ఛలో, అంటే ఆబ్సెన్స్ సీజర్‌లో, ఆ కణాలన్నీ ఒకే లయలో పడి కొట్టుకుంటాయి. మనిషి కాసేపు లోకాన్ని వదిలేస్తుంది. నా సిరప్‌లోని ఇథోసక్సిమైడ్ అదుపు చేసేది టి-టైప్ అనే ఆ ద్వారాలను. నా తర్కాన్ని కాదు.

లెక్చర్ బాగానే ఉందమ్మా, మరి నిన్న ఏటయినట్టు, అన్నారు సార్.



జూలై 17

కారణం దొరికింది. సిరప్ కొలిచి ఇచ్చేది అమ్మమ్మ దేవుడమ్మ. కిందటి వారం ఇదే ఉపన్యాసం ఇంట్లోనూ దంచాను. తుంటి విరిగి, మంచం పట్టి లేచిన మనిషి ఆమె. ఆ రోజు నుంచి సగం మూతే పోస్తోంది, పైన ఎముకల బలానికని గ్లాసుడు చోడి (రాగి) అంబలి. కాల్సియం ఆపీసే మందేటే, ఎముకలు పెళుసైపోయి నాలాగ మూల పడతావేటి, అని నన్నే కసిరింది. మందు ఒంట్లో కాల్షియాన్ని తగ్గించదనీ, నాడీకణం గుమ్మం దగ్గర మాత్రమే నిలేస్తుందనీ చెప్పాను. అలాగని ముందే సెప్పొచ్చు కదే, ఇంగ్లీసు దంచీడానికే ఉందేటి నోరు, అంది.

ఈమెను ఎదుటి జట్టులో ఊహించుకుంటే భయమేసింది.

జూలై 18

పూర్తి మోతాదు మళ్లీ మొదలు. ఇక రాదని మాత్రం హామీ ఇవ్వలేనన్నారు డాక్టర్ గారు.

అమ్మమ్మ పొరపాటు సంగతి చెబితే సార్ కరిగిపోతారు. చెప్పను. ‘ఇక రాదు’ అని నా చోటు గెలుచుకుంటే, మూర్ఛ వచ్చేవాళ్లు వేదికకు పనికిరారని నేనే ఒప్పుకున్నట్టు.

జూలై 21. విశాఖ ఫైనల్ సెలక్షన్ కమిటీ ముందు నేను చదవవలసింది, ఇంతే

నేను మళ్లీ ఆగిపోవచ్చు. అప్పుడు గడియారం ఆపండి. తిరిగి వచ్చాక అదే వాక్యం పూర్తి చేయనివ్వండి. ఆ తర్వాత దాన్ని ఖండించండి, చేతనైతే.