లుపే గుడ్డలో సగం

ఏమండీ,

మన పిల్ల లుపే ప్రయాణానికని చర్చి ఆడవాళ్లు గుచ్చిన చాక్లెట్ల దండ తేవడానికి వెళ్తున్నాను. మీరు పెరట్లో కర్రపెండలం అంతా పీకి పొయ్యి దగ్గర పెట్టండి. లుపే సంచీ మళ్లీ తూచండి, ముప్ఫై కిలోలు దాటితే విమానం వాళ్లు ఒప్పుకోరు. పూలదండలు ఇక్కడే తీసెయ్యమనండి, న్యూజిలాండ్‌లో దిగగానే తనిఖీ వాళ్లు లాక్కుంటారు.

ఇంకో సంగతి. నాలుగు నెలలు చెట్టు బెరడు కొట్టి, కర్రపెండలం జిగురుతో అతికించి పిల్ల కోసం నేను చేసిన గుడ్డని నిన్న మీ అక్క చంకన పెట్టుకుపోయింది కదా! “బాగుంది మరదలా, నే తీసుకెళ్తున్నా” అంది. మేనత్త అడిగితే కాదనే నోరు టోంగాలో ఎవరికుంది? మీరేమో నేలచూపులు చూశారు.

పొద్దున లేచి చూస్తే గుమ్మంలో ఆ గుడ్డే ఉంది. సగమే ఉంది! ఇది కోపమా, దయా? సంచీ బరువు తలుచుకుని కోసిందా? నాకేం పాలుపోవడం లేదు. పైగా గళ్ల మధ్య కొయ్యాల్సిన గీత మీద కొయ్యలేదు. మూడు పెళ్లిళ్లలో గుడ్డలు కోసి పంచిన చెయ్యి ఆవిడది, వెంట్రుకవాసి తప్పదు. అలాంటిది, లుపే అంటే పావురమే కదా అని పిల్ల పేరున నేను గీసిన పావురాన్ని సరిగ్గా నడిమికి కోసింది. తల మన దగ్గరుంది, తోక ఆవిడ దగ్గర. తిట్టుకోవాలో దండం పెట్టాలో మీరే చెప్పండి.

సగాన్నే మడిచి సంచీలో అడుగున పెట్టాను. తియ్యకండి.

ఆగండి, కర్రపెండలం అంతా పీకెయ్యకండి. కంచె పక్కన నాలుగు మొక్కలు ఉండనివ్వండి. పిల్ల తిరిగొచ్చాక రెండు సగాలూ అతికించడానికి జిగురు కావాలి.