పిడికి చుట్టిన గుడ్డ

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నేను చేసిన పిడిని పొద్దున మల్కాజ్‌గిరి గోదాములో బిగించాం, నువ్వు సరుకు లాగిన బండికే.

ఆ బండి పిడికి నువ్వు పాత చీర గుడ్డ చుట్టేదానివి. పిడి సన్నగా ఉండి నీకు పట్టు దొరకడం లేదనుకున్నాను. ఆదివారాలు నువ్వు ఉతికి ఆరేసిన ఆ గుడ్డ మందాన్ని నీకు చెప్పకుండానే కొలుచుకున్నాను. తార్నాకలో మా క్యాంపస్ వర్క్‌షాపులో పాత పిడికి ఆ మందం కలిపినంత లావుతో కొత్త పిడి చేశాను. మా సార్లు మెచ్చుకున్నారు.

నీకు జతగా పనిచేసిన ఎల్లమ్మత్త బండిని నాలుగడుగులు లాగి ఆగింది. నడుముకు దోపుకున్న గుడ్డ తీసి నా పిడికి చుట్టింది.

"ఇంకా సన్నగున్నదా అత్తా?" అన్నాను.

"లావు, సన్నం సంగతి కాదు బిడ్డా. అరచేతులు పగిలి నెత్తురొస్తయి. ఏది తగిలినా మంటనే. గిట్ల చుట్టుకోమని మీ అమ్మనే నేర్పింది. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. నేనూ అడగలేదు. పనిముట్లు చేతికి అమరేలా చేసే నా చదువంతా చేతుల గురించే. నీ చెయ్యి తిప్పి ఒక్కసారైనా చూడలేదు.

పిడి విప్పి తెచ్చేశాను. దాన్ని ఏం చేయాలో తెలియడం లేదు. గుడ్డ ఉతికేటప్పుడు నువ్వు ఒకేచోట రుద్దుతూ ఉండేదానివి. అది గ్రీజు మరక అనుకున్నానమ్మా.

నీ మంజుల