బండరాళ్ళకు అవతల

మే 6
అడవిలో పాత కలప దారి మూసే పని మొదలైంది. ఎక్స్‌కవేటర్ మీద నేను. సూపర్‌వైజర్ మా బాబాయి. దారి ఉన్నంత కాలం మట్టి వాగులోకి జారుతూనే ఉంటుందని, ఆ బురద కింద చేప గుడ్లు ఊపిరాడక చస్తాయని అటవీ శాఖ మేడం చెప్పింది. ఆవిడని చేపల మేడం అంటాం. ఎదురుగా కాదు.

పై మలుపు నుంచి లోపలంతా తాను తవ్వేశానని, కింది ముక్క నన్ను చూసుకోమని బాబాయి అన్నాడు. వెళ్ళి చూడలేదు. ఒక ఆపరేటర్ చేసిన పనిని ఇంకొకడు వెళ్ళి చూడటం మాలో పెద్ద అవమానం. పైగా నాకు లీవర్ పట్టుకోవడం నేర్పిందే ఆయన.

మే 21
అయిపోయింది. దారి కింది సిమెంటు పైపులు పీకేసి వాగుని దాని దారికి వదిలాను, రెండు పక్కలా మట్టి కట్టలు పోశాను. నా వంతు రోడ్డంతా దున్ని, మొదట్లో మనిషెత్తు బండరాళ్ళు అడ్డం పెట్టాను. జీపు కూడా దూరదు. ఇన్నాళ్ళూ కొండలు పగలగొట్టి బతికాను. నీళ్ళు తేటగా పారుతుంటే చాలాసేపు చూశాను. మేడం షేక్‌హ్యాండ్ ఇచ్చింది. నీ మొహానికి షేక్‌హ్యాండొకటా అని బాబాయి నవ్వాడు. నేనూ నవ్వాను, గాడిదలా.

జూన్ 14
వాన. వాగు ఎర్రగా.

జూన్ 15
మేడం అందరి ముందూ నన్ను కడిగేసింది. కట్టలు వదులుగా వదిలేశావు, గుడ్లన్నీ పూడిపోయాయి, నిన్ను నమ్మడం నాదే బుద్ధితక్కువ అంది. బాబాయి పక్కనే ఉన్నాడు. కుర్రాడు మేడం, తొందరెక్కువ, నేర్చుకుంటాడులెండి అన్నాడు. భుజం కూడా తట్టాడు.

నేను పోసిన కట్టలో ఒక్క పెళ్ళ జారలేదు. చూసొచ్చాను. మరి మట్టి ఎక్కడిది?

జూన్ 16
నా రాళ్ళెక్కి పైకి నడిచాను. పై మలుపు దాటాక దారి దారిలాగే ఉంది. మెషీన్ బకెట్టు దెబ్బ ఒక్కటీ పడలేదు. కొండ అవతలి నుంచి కొత్తగా ఇంకో దారి కోసి, వాగులోంచే దుంగలు లాగుతున్నారు. బాబాయి లారీని రివర్స్ చేయిస్తున్నాడు. రానీ, రానీ అంటూ.

నన్ను చూసి లారీని ఆపించాడు. ఎందుకు చేశావని అడగలేదు. ఈ పనిలో నన్నెందుకు పెట్టావని అడిగాను. ఇంకెవడైనా అయితే వచ్చి చూసేవాడురా, నువ్వైతే చూడవు అన్నాడు.

ఆ బండరాళ్ళతో కాపలా జీపు రాకుండా గొళ్ళెం పెట్టింది నేనే. నా చేత్తో.

జూన్ 17
మేడంకి చెప్పేశాను.

జూన్ 20
బాబాయి ఉద్యోగం పోయింది. పిన్ని వచ్చి తిన్నింటి వాసాలు లెక్కపెట్టావురా అని తిట్టింది. ఆ వాసాలు కూడా దొంగకలపేనేమో పిన్నీ అనబోయి మింగేశాను. ఆవిడ పెట్టింది తినే పెరిగాను.

ఏడుపు రావడం లేదు. ఒళ్ళంతా మంట. ఆయన నా తెలివితక్కువతనాన్ని వాడుకున్నా సరిపెట్టుకునేవాణ్ణి. నా మర్యాదని వాడుకున్నాడు.

జూలై 2
కొండ అవతలి నుంచి మెషీన్ ఎక్కించారు. పై దారి తవ్వుతున్నాను. బాబాయి వచ్చి దూరంగా నిలబడ్డాడు. ఇంకా లోతుకి అని చేత్తో చూపించాడు.

నిజమే, చాలదు. బకెట్టు ఇంకో అడుగు దించాను.