రెండు చేతులు లేపినా ఆగలే

నాయినకు, నీ పెద్దబిడ్డ రూతు చెన్నై హాస్టల్ నుంచి వందనాలు చెప్పి రాసుకునేది. దేవుని దయతోని నా పానం మంచిగున్నది. నీ మోకాలి నొప్పి ఎట్లున్నది? అమ్మ బీపీ గోళీలు రోజూ ఏసుకుంటున్నదా, లేకపోతె తల తిరిగిన నాడే యాది చేసుకుంటున్నదా? అవ్వకు కండ్ల ఆపరేషన్ అయినంక మళ్ళ బైబిల్ చదువుకుంటున్నదని అమ్మ ఫోన్ల చెప్పింది, సంతోషం. ఫోన్ల అందరు మాట్లాడుతున్రు, నువ్వు తప్ప. నేను ఫోన్ చేసినప్పుడల్ల నీకు డ్యూటీనే ఉంటున్నది. డ్యూటీ లేని నాడు తానం. అందుకే కాయితం మీద రాస్తున్న. ఉత్తరం చేతికొస్తె తానానికి పోలేవు గద.

మొన్న శుక్రారం ఒకటి అయింది నాయినా. నాలుగు రోజులైనా గదే యాదికొస్తున్నది. అన్నం ముందట కూసుంటె ముద్ద చేతిలనే ఉంటున్నది. భయపడకు, చెడ్డది ఏం కాలె. మొదటి సంది చెప్తె గని నీకు సమజ్ కాదు.

నేను వచ్చేటప్పుడు డోర్నకల్ ప్లాట్‌ఫారం మీద నువ్వొక మాటన్నవు. "చేతులూపుడు నేర్పనీకె గూడ బడి ఉంటదా? ముప్పై ఏండ్ల సంది రైలు యార్డుల నేను ఊపుతనే ఉన్న, నాకెవ్వడు సర్టిఫికెట్ ఇయ్యలె." అమ్మ నవ్వింది. నాకు మస్తు కోపమొచ్చింది. ఖమ్మం దాటేదాక కిటికీల మొఖం పెట్టి ఏడ్సిన. మూడు నెలలల్ల ఇక్కడ నేర్పే సారు నన్ను పనికిరాదంటె ఇంటికొచ్చి నువ్వు చెప్పిన రైల్వే పరీక్ష రాస్తనని నేనిచ్చిన మాట మాత్రం మరువలె.

ఆర్కెస్ట్రా నడుపుడంటె మన గుడిల పాటలు నడిపినట్టే అనుకుని వచ్చిన. మన కాడ నేను ఎత్తుకుంటె మిగిలినోళ్ళు అందుకుంటరు, తబలా కొట్టే పెద్దయ్య నింపాదిగ ఎన్క నుంచి వచ్చి కలుస్తడు. నా గొంతు వినవడితె సాలు, బండి నడుస్తది. ఇక్కడ గొంతు లేపుడే తప్పు. మొదటి నాడు అలవాటు కొద్ది నేను రాగం తీస్తుంటె సారు మూతి మీద వేలు పెట్టుకున్నడు. వయొలిన్లు, పిల్లనగ్రోవులు, బూరలు, డ్రమ్ములు, అంత కలిసి నలభై మంది. అండ్ల సప్పుడు చెయ్యనిది నేనొక్కదాన్నే ఉండాలె. సప్పుడు చెయ్యనిదానికి ఏం పనుంటదని నేను పరేషాన్ అయిన.

ఆరు వారాలు నన్ను అద్దం ముందటనే నిలవెట్టిండు. చేతిల ఒక తెల్ల పుల్ల, అగరుబత్తి కంటె జర పెద్దది. గా పుల్లతోని ఒకటి, రెండు, మూడు, నాలుగు గాలిల గీసుడే పని. రెక్కలు గుంజినయి. అసలు దెబ్బకు ముందు ఒక ఉత్త దెబ్బ చూపియ్యాలెనట. ఎంత జోరుగ పోవాలె, ఎంత మెల్లగ పోవాలె, అంత గా ఉత్త దెబ్బలనే తెలవాలెనట. అద్దంల నా మొఖం చూసి నాకే నవ్వొచ్చేది.

తర్వాత ఒకనాడు మందిల నిలవెట్టిండు. ఉక్కపోత, నుదురు మీది ఎంటికలు సరిచేసుకుందామని చెయ్యి లేపిన. నాయినా, నలభై మంది ఒక్కసారి ఊపిరి గుంజుకుని, వాయిద్యాలు లేపి నా దిక్కు చూసిన్రు. నేను చెయ్యి లేపితె ఇంట్ల తమ్ముడు గూడ చూడడు.

ఇగ శుక్రారం ముచ్చట. సారు నాకు మెల్లగ నడిచే పాట ఒకటి ఇచ్చిండు. చివరికి ఇంకా సన్నగయి ఆగిపోతది. నేను పాట రాసున్న కాయితం మీద తల వంచి పుల్ల ఊపుతున్న. నడిమిట్ల పిల్లనగ్రోవులు ముందుకు ఉరికినయి, వయొలిన్లు ఎన్కవడ్డయి, ఎవరు ఏడున్నరో నాకు ఎరుకలేదు. గాబరల నా చేతులు వాటంతట అవే లేసినయి. రెండు చేతులు నిట్టనిలువుగ, తల మీదికి, అరచేతులు ఎదురుంగ. నువ్వు యార్డుల జెండా లేనప్పుడు ఇంజను ఆపేటందుకు లేపుతవు సూడు, అచ్చం గట్ల. చిన్నప్పుడు నీకు సద్ది తెచ్చి కంచె కాడ నిలవడి రోజూ చూసిందే గద.

ఇంజనుకు రెండు చేతులు లేపితె ఆగుతది. వీళ్ళు ఆగలే. ఇక్కడ చేతులు పైకి పోతె గట్టిగ వాయించుమని అర్థమట. బూరలు ఒక్కసారి మొదలువెట్టినయి. ఆగుతలేరని నేను ఇంకా పైకి లేపిన, మునివేళ్ళ మీద నిలవడ్డ. వాళ్ళు ఇంకా గట్టిగ వాయించిన్రు. పెద్ద డ్రమ్ము కొట్టే అక్క లేసి నిలవడి బాదింది. కిటికీ అద్దాలు గజగజ వణికినయి. ఆఖరికి చేతులు కింద పడేసి నిలవడ్డ. సప్పుడు మెల్లమెల్లగ సచ్చిపోయింది. నా పని ఖతమైందనుకున్న, టికెట్ ఏ రైలుకు దొరుకుతదా అని గూడ అనుకున్న.

"గా సైగ ఏంది?" అని సారు అడిగిండు. ఆయన తమిళాయన, ఇంగ్లీషుల అంటడు, నేను మన తీర్గ రాస్తున్న. నీకొక నిజం చెప్పాలె నాయినా, కోపం చెయ్యకు. ఇక్కడ అందరి నాయినలు డాక్టర్లు, ప్రొఫెసర్లు. నన్ను అడిగితె "రైల్వే" అని ఊకున్న, ఇన్ని రోజులు. గా గాబరల నోట్ల నుంచి అంత వచ్చేసింది. మా నాయిన డోర్నకల్ జంక్షన్ల పాయింట్స్‌మన్, ఇంజనుకు పెట్టెలు తగిలిస్తడు, గది బండి ఆపే సైగ అన్న. ఎవలో కిసుక్కున నవ్విన్రు. సారు నవ్వలె. "మిగిలినయి గూడ చూపియ్యి" అన్నడు.

చూపించిన. ముందుకు రా, ఎన్కకు పో, పెట్టె తగిలిచ్చేటప్పుడు రెండు చేతులు తల మీద మెల్లగ దగ్గరికి తెచ్చే సైగ. పెట్టెల పండుకున్న పసిపిల్ల లేవకుంట తగిలియ్యాలెనని నువ్వంటవు సూడు, గది గూడ చెప్పిన. గప్పుడు సారు అడిగిండు, "సైగ చేసేటప్పుడు మీ నాయిన ఏడ చూస్తడు?" నేను నీ మాటనే చెప్పిన. డ్రైవర్ తల బయటపెట్టాలె, అతని కన్ను మన కన్ను కలిసేదాక చెయ్యి కదిలియ్యొద్దు అని.

సారు నా ముందటి కాయితం మీద వేలు పెట్టిండు. "నిన్ను మందిల నిలవెట్టిన నాటి సంది నేను గిదే చెప్తున్న. నువ్వు కాయితాన్ని చూస్తున్నవు, మనుషులను చూస్తలేవు. గింత మంచి గురువు ఇంట్ల ఉంటె నాకెందుకు చెప్పలె?" అన్నడు.

మళ్ళ మొదలుపెట్టించిండు. ఈ పారి కాయితం మూసిన. ఒక్కొక్కరి కండ్లు కలిసేదాక నిలవడ్డ, గప్పుడు చెయ్యి కదిలిచ్చిన. ఆఖర్ల రెండు చేతులు మెల్లగ దగ్గరికి తెచ్చిన, నువ్వు పెట్టె తెచ్చినట్టు. సప్పుడు ఎప్పుడు ఆగిందో నాకు తెలవలె. డ్రమ్ము అక్క కండ్లు తుడుసుకుంటున్నది. నేను పుల్ల పక్కకు పెట్టి కింద కూసున్న.

నాయినా, చేతులూపుడుకు బడి ఎందుకని ప్లాట్‌ఫారం మీద నువ్వన్నది నిజమే. గా నాడు నేను ఏడ్సింది నీ మాటకు కాదు, గది నిజమైతదేమోనన్న భయానికి.

క్రిస్మస్‌కు ముందు ఇక్కడ కచేరి ఉన్నది. గా పాట నేనే నడపాలె. ఉండాల్నా ఇంటికి రావాల్నా అన్నది సారు గా నాడే చెప్తడు. ఇంకా ఏం ఒప్పుకోలె, మంచిగ చేసినవని గూడ అనలె. నువ్వు రావాలె. పాసు ఉన్నది గద, రాత్రి బండెక్కితె పొద్దుగాల దిగుతవు. వచ్చేటప్పుడు ఎల్లిపాయ కారం పట్టుకరా, ఇక్కడి సాంబారుతోని నాలిక సప్పబడ్డది. నా గురించి రంది పెట్టుకోకుర్రి, హాస్టల్ల తిండికి, పడకకు ఏం తక్కువ లేదు. అవ్వకు, పాస్టరయ్యకు, తబలా పెద్దయ్యకు వందనాలు చెప్పు. తమ్ముని చదువుకోమను. అమ్మను ప్రార్థనల నన్ను యాది చేసుకోమను.

వచ్చినోళ్ళందరికి నా వీపే కనవడ్తది. అందుకే సారును అడిగి నీకు వేరే కుర్చీ ఏపిచ్చిన. స్టేజీ మీదనే, డ్రమ్ముల ఎన్క, నాకు ఎదురుంగ. నీ కన్ను కలిసేదాక నేను చెయ్యి లేపను. నేను తప్పు చేస్తున్ననని అనిపిస్తె నువ్వు రెండు చేతులు పైకి లేపు. నేను ఆగుత.

నీ దీవెన కోసం చూసే
నీ బిడ్డ రూతు