గాజుముక్క మీద తేదీ

మార్చి 14, మంగళవారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టేలోపే నేల ఒకసారి ఊగింది. ఆగాక ఇల్లంతా చూసొచ్చి రాస్తున్నాను: క్షేమమే. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. తీరిక లేక జవాబు రాయలేదంటే నువ్వు నమ్మవు. ఓపిక లేదురా. నేల ఊగడం ఈ నెలలో ఇది తొమ్మిదోసారి. మొదట్లో చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తేవాళ్లం. ఇప్పుడు స్టవ్ ఆపి, గుమ్మంలో నిలబడి, ఆగాక మళ్లీ వెలిగిస్తున్నాను. ఎదురింటి టైలరమ్మ అయితే మిషను ముందు నుంచి లేవడమే మానేసింది. నేల ఊగితే కుట్టు వంకర పోతోందట, విప్పి మళ్లీ కుట్టాలట, ఆవిడ గోల అది. ఇంజనీరు వచ్చి, నేలలో చీలిక సరిగ్గా మా వీధి కిందుగా పోతోందని, ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఇంతేనని చెప్పి చక్కాపోయాడు.

మీ బావ ఇప్పుడు కర్ర లేకుండా వీధి చివరిదాకా నడుస్తున్నారు. చలి పెరిగితే కాలు లాగుతుంది. అప్పుడిక ఆ కళ్లు కనబడని మేస్త్రీ అంటూ నిన్ను తిట్టడం మొదలుపెడతారు. రెండేళ్లుగా వింటున్నాను. గిన్నెలు తోముతూ చప్పుడు కాస్త పెంచుతాను.

నువ్వు అడిగిందానికి వస్తాను. వంటింటి గోడ పగులుకు అడ్డంగా గాజుముక్క అతికించి, దాని మీద తేదీ రాశావు. అది విరిగితే గోడ కదులుతున్నట్టేనని, ఆ రోజే ఇల్లు వదిలెయ్యమని చెప్పావు. ఆరు నెలల తర్వాత వచ్చి, టార్చిలైటు వేసి చూసి, గాజు నిక్షేపంగా ఉంది, భయం లేదన్నావు. వారం తిరగకుండానే ఆ గోడ బావ మీద పడింది. ఆ రోజు సరిగ్గా చూడలేదేమోనని, అన్నం ముందు కూర్చున్నా అదే గుర్తొస్తోందని రాశావు. పాత మేస్త్రీ పనికి పిలిచినా తాపీ పట్టుకోలేకపోతున్నానని, గోదాములో బస్తాలు మోస్తున్నానని రాశావు. ఇరవై ఏళ్లు గోడలు కట్టిన చేతులురా అవి. చదివి ఏడ్చాను.

నువ్వు సరిగ్గానే చూశావు. నా మాట విని పనికి వెళ్లు. వేళకు తిను.

ఉంటాను,
మీ అక్క

తా.క.: సంతకం పెట్టాక కూడా కలం వదలబుద్ధి కావడం లేదు. నువ్వు చూసింది నీ గాజు కాదు. నీది రెండో నెలలోనే విరిగింది. అయిదేళ్లలో మాకది మూడో ఇల్లు. మళ్లీ సామాను మూటలు కట్టడం నా వల్ల కాలేదు. ఫోటో పటం అద్దం కోయించి, అదే చోట అతికించి, నీ రాతలాగే నీ తేదీ వేశాను. నువ్వు లైటు వేసి చూస్తుంటే పక్కనే నిలబడి, టీ పెట్టనా అని అడిగాను. బావ కాలు విరిగింది నా వల్ల. నీ పని పోయిందీ నా వల్లే. రెండేళ్లు నోరు మూసుకుని కూర్చున్నాను.

ఈ ఉత్తరం పోస్టు చేసేది మీ బావే. చదివాకే కవరు అంటించమని చెప్పి ఇస్తున్నాను. నీకు అందిందంటే ఆయన చదివినట్టే.